పాత బొమ్మల కథల వెంట: ఆబిడ్స్ నుంచి అవెన్యూ రోడ్డు దాకా

పాత కామిక్స్ కొనేవాళ్లలో ఎక్కువమంది కవరు చూసి కొంటారు. ఫాంటమ్ ఉన్నాడా, మాండ్రేక్ ఉన్నాడా, ఎన్నో నంబరు, అంతే. కానీ ఎవరూ పట్టించుకోని కథలు కవరు మీద ఉండవు. హీరో కథ అయిపోయాక మిగిలిన నాలుగు పేజీల్లో, పేరు లేకుండా వేసిన బొమ్మల్లో, ఆరు భాషలు తిరిగి వచ్చిన అనువాదాల్లో ఉంటాయి. వాటిని వెతకడానికే ఈ దారి: హైదరాబాద్, విజయవాడ, వేటపాలెం, చెన్నై, శివకాశి, బెంగళూరు. ఆదివారం మొదలుపెడితేనే కుదురుతుంది, ఎందుకంటే ఆబిడ్స్ బజారు ఆదివారమే.

సంచిలో ఉండాల్సినవి కొన్నే. 20×27 సెంటీమీటర్ల కొలతకు కోసిన గట్టి అట్టలు ఓ ఇరవై, వాటికి సరిపోయే పాలీప్రొపిలీన్ కవర్లు, మెత్తటి పెయింటు బ్రష్షు, పెన్సిలు, ఫోను నిలబెట్టే చిన్న స్టాండు, ఒక నల్ల చార్టు. ఆ నల్ల చార్టు ఎందుకో వేటపాలెంలో తెలుస్తుంది. మెత్తగా, వాసనొచ్చే పీవీసీ కవర్లు మాత్రం వద్దు. కొన్నేళ్లకు అవి సిరాను లాగేసుకుని పేజీకి అతుక్కుపోతాయి.

మొదటి రోజు, ఆదివారం: ఆబిడ్స్

ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి వాటి ముందున్న ఫుట్‌పాత్ అంతా పుస్తకాలవాళ్లదే. తొమ్మిదింటికల్లా చేరితే కట్టలు విప్పుతుండగా చూడొచ్చు. పదకొండు దాటితే మంచివి పోతాయి, ఎండ కూడా ఎక్కుతుంది. కామిక్స్ విడిగా పేర్చి ఉండవు. పిల్లల రంగుల పుస్తకాలు, పాత కంప్యూటర్ మ్యాగజైన్ల కింద ఉంటాయి. "అన్నా, పాత బొమ్మల పుస్తకాలున్నాయా, చినిగినవైనా సరే" అని అడిగితే పక్కన పెట్టిన గోనెసంచి ముందుకొస్తుంది. "చినిగినవైనా" అన్న మాట పనిచేస్తుంది. అమ్ముడుపోవనుకుని లోపల పెట్టినవి అప్పుడే బయటికి తీస్తారు.

ఇక్కడ ఎక్కువగా దొరికేవి ఇంగ్లిష్, హిందీ సంచికలు: ఇంద్రజాల్, అమర్ చిత్ర కథ, టింకిల్, డైమండ్, రాజ్. చేతిలోకి తీసుకోగానే చూడాల్సింది కవరు కాదు, నడుము. సంచికను సరిగ్గా మధ్యకు తెరవండి, పిన్నులు కనబడతాయి. పిన్నుకు ముందు ఎన్ని ఆకులున్నాయో వెనక కూడా అన్నే ఉండాలి. ఒక్కో కాగితం మడత పెడితే రెండు ఆకులు, నాలుగు పేజీలు. ముందు సగంలో ఒక ఆకు చినిగితే వెనక సగంలో దాని జోడీ ఆకుకు పట్టు పోయి వదులవుతుంది, కొన్నాళ్లకు అదీ రాలిపోతుంది. లెక్క కుదరకపోతే కథ మధ్యలో తెగిపోయినట్టే. మధ్య కాగితం ఒక్కటీ ఊడిపోతే మాత్రం రెండు వైపులా లెక్క సమానంగానే ఉంటుంది, అక్కడ పేజీ నంబర్లే గతి.

ఇంద్రజాల్ కామిక్స్‌ను టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో మొదలుపెట్టింది, 1990లో ఆగిపోయింది. మొదటి 32 సంచికలూ ఫాంటమ్‌వే. అయితే తొలి 10 సంచికల్లో ఫాంటమ్‌కు దక్కినవి 16 పేజీలే, మిగతావన్నీ పిల్లలకు పనికొచ్చే విషయాలూ సరదా ముక్కలూ. అమెరికాలో పత్రికల్లో నెలల తరబడి నడిచిన కథను 16 పేజీల్లో కుదించాలంటే బొమ్మలు తీసేయక తప్పదు. ఒక బొమ్మలో గుర్రం మీద ఉన్నవాడు తర్వాతి బొమ్మలో గుహలో ఉంటే, మధ్యలో కోత పడిందని అర్థం. ఆ కోతల వల్ల కొన్ని కథలు కలలాగా నడుస్తాయి. చిన్నప్పుడు చదివినవాళ్లకు "ఏదో వింతగా ఉండేది" అని గుర్తుండిపోవడానికి సగం కారణం ఇదే.

పేర్లు కూడా మార్చారు. ఫాంటమ్ దేశం పేరు బెంగాల్‌ను గుర్తుచేస్తుందని డెంకాలీ అన్నారు. సింగ్ దొంగల ముఠా సింగా ముఠా అయింది. మొదటి సంచికలో ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు మూలంలో రామా, మన ముద్రణలో రామాలు. తెలుగు చెవికి అది పక్కవీధి పేరులా వినిపిస్తుంది. మూలకథ చదివినవాళ్లు కూడా ఈ మార్పుల కోసమే ఇంద్రజాల్ ప్రతిని విడిగా చూడాలి.

123, 124 నంబర్ల కోసం వెతికి అలసిపోవద్దు. ప్రెస్సులో సమ్మె వల్ల ఆ రెండూ అచ్చవ్వలేదు. 1980ల సంచికల మీద వరుస సంఖ్య బదులు సంపుటి, సంచిక అంకెలు ఉంటాయి కాబట్టి జాబితా రాసుకునేటప్పుడు రెండు పద్ధతులూ కలపకూడదు. తొలి యాభై సంచికల వెనక అట్ట మీద పోస్టరు బొమ్మ వచ్చేది, పిల్లలు దాన్ని కత్తిరించి గోడకు అంటించేవాళ్లు. అందుకే వెనక అట్ట ఉన్న ప్రతి అరుదు. ముందు అట్ట చినిగి వెనక అట్ట బాగున్న ప్రతి కనబడితే వదలొద్దు.

1976 డిసెంబరు నుంచి వచ్చిన బహాదుర్ కథలనూ ఇక్కడే వెతకాలి. ఆబిద్ సుర్తీ సృష్టించిన ఈ కుర్రాడు చంబల్ బందిపోట్ల నేపథ్యంలోంచి వచ్చినవాడు. జీన్స్ మీద కాషాయ రంగు కుర్తా వేసుకుని, ఊరివాళ్లతో రక్షక దళం కట్టిస్తాడు. ఇంద్రజాల్ అంటే విదేశీ హీరోలే అనుకుని దాటేసేవాళ్లు ఈ కథలను పోగొట్టుకుంటున్నారు. అలాగే 1983లో మొదలైన సుప్రీమో అనే వేరే వరస. అమితాబ్ బచ్చన్‌నే హీరోగా పెట్టి, గుల్జార్ సలహాలతో, ప్రతాప్ ములిక్ బొమ్మలతో వచ్చింది. నల్లకళ్లద్దాలు, తోడుగా ఒక డేగ. రెండేళ్లకే ఆగిపోయింది. సినిమా పుస్తకాల గుట్టల్లో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కామిక్స్ దగ్గర కాదు, సినిమా పత్రికల దగ్గర వెతకాలి.

రెండో రోజు: కోఠీ

కోఠీలో పాఠ్యపుస్తకాలదే రాజ్యం. పోటీ పరీక్షల పుస్తకాల మధ్య కామిక్స్ చాలా తక్కువ, వాటికోసం రోజంతా పెట్టక్కర్లేదు. "బైండు పుస్తకాలు" అని అడిగితే మాత్రం ఒక్కోసారి ఇళ్లలో కట్టించుకున్న చందమామ, బొమ్మరిల్లు సంపుటాలు బయటపడతాయి. రేటు అడిగేటప్పుడు నచ్చిన ఒక్కదాన్నే పైకెత్తి చూపించకుండా మొత్తం కట్టకు అడగాలి. మధ్యాహ్నానికి ముగించి విజయవాడ రైలెక్కడమే నయం.

మూడో రోజు: విజయవాడ, లెనిన్ సెంటర్

కాలువ పక్కన వరసగా ఉన్న పాత పుస్తకాల కొట్లు ఈ యాత్రలో తెలుగుకు గుండెకాయ. కొట్టు ఇరుకు, పుస్తకం నిలువుగా పైకప్పు దాకా. కింది వరసల్లో తేమ ఉంటుంది. కాలువ గాలికి పిన్ను తుప్పు పట్టి, చుట్టూ ఇటుకరంగు మచ్చ పడుతుంది. మచ్చ పరవాలేదు. మచ్చ చుట్టూ కాగితం పెళుసెక్కి వేలికి పొడిలా అంటితే ఆ పుస్తకాన్ని నిలబెట్టి తెరవకూడదు, బల్ల మీద పరిచి తెరవాలి.

చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలైంది. బి. నాగిరెడ్డి, చక్రపాణి నడిపారు, 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం చూశారు. బేతాళ కథలు ఎవరికైనా తెలుసు. వెతకాల్సింది పాత సంచికల్లో "చిత్ర కథ" అనే చిన్న ముక్క. దాసు, వాసు అని ఇద్దరు పిల్లలు, టైగర్ అని ఒక కుక్క. కొన్ని బొమ్మలు, కింద నాలుగు ముక్కలు మాట, ఒక చిన్న గమ్మత్తు, అయిపోయింది. గీసింది చిత్రా అనే చిత్రకారుడు. వపా (వడ్డాది పాపయ్య) ముఖచిత్రాలు, శంకర్ బేతాళుడి బొమ్మల గురించి మాట్లాడినంతగా ఈ దాసు వాసుల గురించి ఎవరూ మాట్లాడరు. తెలుగు పిల్లల బొమ్మల కథల చరిత్ర రాస్తే వీళ్లకు మంచి చోటు ఇవ్వాలని మా గట్టి అభిప్రాయం.

ఇక సీరియల్స్. 1954లో తోకచుక్కతో మొదలైన వరస: మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, శిథిలాలయం, యక్షపర్వతం, ఇంకా ఎన్నో. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు తెలియని పాత పాఠకుడు ఉండడు. రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు మాత్రం పత్రికలో పడేది కాదు.

ఈ సీరియల్స్ వల్లే విడి సంచికలు దెబ్బతిన్నాయి. ఇళ్లలో ప్రతినెలా ఆ పేజీలు చింపి, పూర్తయ్యాక దారంతో కుట్టి పుస్తకం చేసుకునేవాళ్లు. కాబట్టి విడి చందమామ కొనేముందు సీరియల్ పేజీలున్నాయో లేదో చూడాలి. రెండో వైపు కూడా ఉంది: ఆ ఇంటి కుట్టు పుస్తకాలు దొరికితే తప్పక తీసుకోండి. సీరియల్ మొదటి ఆకుకు వెనకో ముందో ఇంకో కథ చివరి పేజీ ఉంటుంది, చివరి ఆకుకు మరో కథ మొదటి పేజీ ఉంటుంది. పేరు లేని ముగింపులు, ముగింపు లేని మొదళ్లు. ఒక్కో కుట్టు పుస్తకంలో నెలకు ఒకటి రెండు చొప్పున ఇలాంటి అర కథలు పోగవుతాయి. వాటిని ఫొటో తీసుకుని, అంతర్జాలంలో ఉన్న పాత చందమామల స్కాన్లతో పోల్చితే ఏ నెలదో తేలుతుంది. సగం చదివిన కథకు మిగతా సగం దొరికినప్పుడు ఉండే ఆనందం పూర్తి సంచిక కొంటే రాదు.

ప్రెస్సు బైండింగు సంపుటాలతో వేరే చిక్కు. అంచులు సమానంగా కోసేటప్పుడు పేజీ నంబరు, కొన్నిసార్లు బొమ్మ అంచు కూడా పోతాయి. అట్టలు, ప్రకటనలు తీసేసి కడతారు. అట్ట లోపలి వైపు ఉండే ఫొటో వ్యాఖ్యల పోటీ అలాగే మాయమైంది. అందుకే ఒకే ఏడాదికి బైండు సంపుటం ఒకటి, చినిగిన విడి సంచికలు కొన్ని ఉంటే రెండూ కలిసి పూర్తి రూపం ఇస్తాయి.

నాలుగో రోజు: వేటపాలెం

చీరాలలో దిగి ఆటో ఎక్కితే దగ్గరే. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలకు పేరుపడ్డ చోటు, భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ముందే ఫోన్ చేసి సెలవు రోజు కనుక్కుని, ఏ పత్రిక ఏ సంవత్సరం కావాలో కాగితం మీద రాసుకుని వెళ్లాలి. "పాతవి చూపించండి" అంటే పని జరగదు.

ఇక్కడ కొనడం ఉండదు, చూడటం, అనుమతి ఇస్తే ఫొటో తీసుకోవడం. పాత న్యూస్‌ప్రింటు పల్చన. ఫొటో తీస్తే వెనక పేజీ అచ్చు కూడా నీడలా పడి బొమ్మ గజిబిజి అవుతుంది. తీయబోయే ఆకు కింద నల్ల చార్టు పెడితే ఆ నీడ చాలావరకు పోతుంది. తెల్లకాగితం పెడితే ఇంకా ఎక్కువ కనబడుతుంది. కిటికీ వెలుగు పక్కనుంచి రావాలి, ఫ్లాష్ వాడకూడదు, ఫోను పేజీకి సమాంతరంగా ఉండాలి. బైండును బల్లపరుపుగా నొక్కి తెరవకూడదు. రెండు వైపులా పుస్తకాలు ఆనించి, వెన్ను మీద బరువు పడకుండా సగమే తెరిచి ఒక్కో వైపు విడిగా తీయాలి. తీసిన ప్రతి వరసకు మొదటి ఫొటో తేదీ ఉన్న పేజీదై ఉండాలి. ఇది మర్చిపోతే ఇంటికెళ్లాక రెండొందల ఫొటోలు ఏ సంచికవో తెలియక అనాథలవుతాయి.

వారపత్రికలు తిరగేసేటప్పుడు బుజ్జాయి కోసం చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకు, డుంబు అనే బొమ్మల కథల పాత్రను సృష్టించినవాడు. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో ఆయన పంచతంత్రం బొమ్మల కథగా వారం వారం వచ్చింది. తెలుగువాడు గీసిన బొమ్మల కథను దేశమంతా ఇంగ్లిష్‌లో చదివిన ముచ్చట ఇది, అయినా మన కామిక్స్ కబుర్లలో ఆయన పేరు వెనకబడింది. ఇలస్ట్రేటెడ్ వీక్లీ పెద్ద సైజు పత్రిక కాబట్టి మడతపెట్టి దాచిన ప్రతులే ఎక్కువ, సరిగ్గా మడత మీద ఉన్న బొమ్మ చెరిగి ఉంటుంది. రాత్రి చీరాలలో చెన్నై బండి.

ఐదో రోజు: చెన్నై

పాత పుస్తకాలకు పేరున్న మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. సెంట్రల్ స్టేషన్ పక్కన ఇప్పుడున్న కొట్లు దాని కొనసాగింపు. అక్కడ గంట, తిరువల్లిక్కేణి భారతి రోడ్డు ఫుట్‌పాత్ మీద రెండు గంటలు చాలు. తమిళం చదవలేనివాళ్లు కూడా రాణి కామిక్స్, ముత్తు కామిక్స్, లయన్ కామిక్స్ పేర్లు ఆ లిపిలో గుర్తుపట్టేలా రాయించుకుని జేబులో పెట్టుకోవాలి. రాణి 1984 నుంచి రెండు దశాబ్దాలు నడిచింది. మధ్యాహ్నం తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం. తమిళ అచ్చుకు ఉన్న పెద్ద నిధుల్లో ఒకటి, కేటలాగు చూసి అడగాలి. రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి శివకాశి వైపు ఉంటాం.

ఆరో రోజు: శివకాశి

టపాకాయల ఊరు అనుకుని కామిక్స్‌వాళ్లు ఇటు రారు. రావాలి. పొడి వాతావరణం అగ్గిపుల్లలకు పనికొచ్చింది, అదే పొడి గాలి సిరా ఆరడానికీ పనికొచ్చింది. 1920లలో కలకత్తాలో అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడ పరిశ్రమ పెట్టారు. అగ్గిపెట్టెకు లేబుల్ కావాలి, టపాకాయ పెట్టెకు రంగుల బొమ్మ కావాలి, దానికి ప్రెస్సులు వచ్చాయి. ప్రెస్సులున్నాక క్యాలెండర్లు, డైరీలు, చివరికి కామిక్స్.

1972లో ముత్తు కామిక్స్ ఇక్కడే పుట్టింది. మొదటి పుస్తకం ఇనుప చేతి మాయావి. మూలం ఇంగ్లండులో 1962లో మొదలైన వాలియంట్ వారపత్రికలోని స్టీల్ క్లా. లూయీ క్రాండెల్ అనే ప్రయోగశాల సహాయకుడికి కుడిచేయి పోయి ఉక్కు చేయి పెడతారు. కరెంటు షాకు తగిలితే మనిషి మాయమవుతాడు, ఉక్కు చేయి ఒక్కటే గాల్లో కనబడుతుంది. మొదట్లో అతను దొంగే, తర్వాతే మంచివాడయ్యాడు. బొమ్మలు స్పెయిన్ చిత్రకారుడు హెసూస్ బ్లాస్కోవి. మాయమైన మనిషిని గీయాలంటే చుట్టూ ఉన్నవి చెప్పాలి: తెరుచుకుంటున్న తలుపు, ఎగిరిపోతున్న కాగితం, గోడ మీద చేతి నీడ. బ్లాస్కో ఇవన్నీ నల్లసిరాతోనే సాధించాడు. ఇంగ్లండులో పాతవాళ్లకే గుర్తున్న ఈ మాయావిని తమిళనాడులో తాతలూ మనవళ్లూ ఇద్దరూ చదువుతారు.

1984లో లయన్ కామిక్స్ కూడా ఈ ఊళ్లోనే మొదలైంది. అందులో స్పైడర్ అనే నేరగాడి కథలు చూడండి. ఆ బ్రిటిష్ కథల్లో చాలావాటిని రాసింది జెర్రీ సీగెల్, సూపర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకడు. అమెరికాలో అవకాశాలు తగ్గాక ఇంగ్లండుకు రాసి పంపిన కథలు అక్కడి నుంచి శివకాశికి చేరాయి.

ఈ ప్రతుల్లో ఒక పద్ధతి గమనించాలి. బ్రిటిష్ వారపత్రికలో వారానికి రెండు మూడు పేజీలే. ప్రతి వారం మొదటి బొమ్మ జరిగిన కథ చెబుతుంది, చివరి బొమ్మ హీరోను ప్రమాదంలో పడేస్తుంది. అవన్నీ ఒకే పుస్తకంగా కుడితే రెండు మూడు పేజీలకోసారి గండం, వెంటనే అదే మాట మళ్లీ. ఆ అతుకులు గుర్తుపడితే మూలంలో ఎన్ని వారాలు నడిచిందో లెక్కగట్టవచ్చు, ఎక్కడ వారం ఎగిరిపోయిందో కూడా తెలుస్తుంది. మాటల బుడగలు కూడా చూడండి. ఇంగ్లిష్‌కు గీసిన బుడగలో తమిళం పట్టకపోతే బుడగ పెరిగి బొమ్మను తినేస్తుంది, ఆ పక్కన గీతలు హఠాత్తుగా ఆగిపోతాయి.

రెండు సంస్థల పుస్తకాలూ ఇప్పటికీ వస్తున్నాయి, కొత్త ముద్రణలు తెల్లటి కాగితం మీద ఉంటాయి. పాత న్యూస్‌ప్రింటు ప్రతి, కొత్త ముద్రణ పక్కపక్కన పెట్టి చూస్తే పాతదాంట్లో సిరా పాకి మూసుకుపోయిన సన్నగీతలు కొత్తదాంట్లో విడివిడిగా కనబడతాయి. సాయంత్రానికి విరుదునగర్ చేరి మైసూరు బండి పట్టుకుంటే పొద్దున్నే బెంగళూరు.

ఏడో రోజు: బెంగళూరు

చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాల్లో కామిక్స్‌కు విడిగా అరలున్నాయి. ధర ఎక్కువ, ప్రతి శుభ్రం. అవెన్యూ రోడ్డులో ధర తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఇక్కడ వెతకాల్సింది అమర్ చిత్ర కథ.

అనంత్ పాయ్ సంపాదకత్వంలో వచ్చిన కృష్ణ సంచిక నంబరు 11. మరి 1 నుంచి 10? అవి సిండ్రెల్లా, జాక్ అండ్ ది బీన్‌స్టాక్ లాంటి పాశ్చాత్య కథలు. బెంగళూరులో జి.కె. అనంతరామ్ చొరవతో 1965లో కన్నడంలో వచ్చాయి, బాగా అమ్ముడయ్యాయి. పురాణాల పేటెంటుగా పేరుబడ్డ వరస యూరప్ యక్షిణి కథలతో, అదీ కన్నడంలో మొదలైంది. వాటికి ఈ ఊరికంటే మంచి చోటు లేదు. కొట్లో కన్నడ పిల్లల పుస్తకాల గుట్ట అడగాలి, అమర్ చిత్ర కథ గుట్ట కాదు.

తొలి ముద్రణ గుర్తుపట్టడానికి రంగులు చూడండి. ఖర్చు తగ్గించడానికి మొదట్లో పసుపు, నీలం, ఆకుపచ్చలతోనే సరిపెట్టారు, పూర్తి రంగులు తర్వాత వచ్చాయి. మందం అట్టతో వచ్చిన తర్వాతి ముద్రణలకు నంబర్లు 501 నుంచి మొదలవుతాయి, అక్కడ 501 మళ్లీ కృష్ణే. నంబరు చూసి కొత్త కథ అనుకుని అదే కథను రెండుసార్లు కొనేది ఇక్కడే. ధర కూడా ముద్రణ కాలం చెబుతుంది, కానీ ధర మీద స్టిక్కరు అంటించి ఉంటే పీకొద్దు, కింద అచ్చు ఊడొస్తుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు.

ఇంటికి వచ్చాక

తెచ్చినవాటిని నేరుగా అరలో పెట్టకూడదు. వెండిపురుగు, పుస్తకాల పురుగు ఒక్క సంచిక నుంచి మొత్తం అరకు పాకుతాయి. బ్రష్షుతో వెన్ను నుంచి బయటికి దుమ్ము దులిపి, జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక కవరు 24 గంటలు విప్పకూడదు. చల్లటి కాగితం మీద గాలిలోని తేమ పట్టి ఉబ్బుతుంది.

తుప్పు పట్టిన పిన్నును వెన్ను వైపు నుంచి లాగితే కాగితం చిరుగుతుంది. మధ్య పేజీలో పిన్ను కాళ్లను పల్చటి చాకుతో పైకి లేపి నిటారుగా చేసి, అప్పుడు బయటి నుంచి మెల్లగా తీయాలి. అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలుదారంతో కుట్టి లోపల ముడి వేయాలి. సెల్లోటేపు, లామినేషన్ జోలికి వెళ్లొద్దు. టేపు జిగురు పసుపెక్కి అచ్చును తినేస్తుంది, లామినేషన్‌ను వెనక్కి తీయలేం.

స్కాన్ 300 డీపీఐ చాలు, అక్షరాలు చిన్నవైతే 600. ఫైలు పేరులో పత్రిక, భాష, సంవత్సరం, నెల, పేజీ ఆ వరసలో ఉండాలి. జాబితాలో హీరో కథకు ఒక గడి సరిపోతుంది. చివరి పేజీల ముక్కలకు, అర కథలకు, దాసు వాసులకు మాత్రం ఒక్కోదానికి విడిగా గడి పెట్టి, మొదటి బొమ్మలో ఏముందో ఒక వాక్యం రాయాలి. పేరు లేని కథను తర్వాత వెతికి పట్టుకోవడానికి ఆ వాక్యమే ఆధారం.